హైడ్రాప్సైకిడే: వల నేసే క్యాడిస్‌ఫ్లైల వర్గీకరణ, గుర్తింపు – తరచుగా అడిగే ప్రశ్నలు

సెలయేటిలో రాయి తిప్పి చూసిన వారు, దీపం చుట్టూ మూగిన పురుగులను పరిశీలించిన వారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం సులువు, అందులోని జాతిని గుర్తుపట్టడం కష్టం. ఈ తేడా తెలియకపోవడం వల్లే తప్పులు జరుగుతాయి కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగా రాశాను.

హైడ్రాప్సైకిడే అంటే ఏ కీటకాలు? ఆ పేరు ఎలా వచ్చింది?

క్యాడిస్‌ఫ్లైలలో ఇదొక పెద్ద కుటుంబం. దీని లార్వాలు పారే నీటిలో రాళ్ల మధ్య పట్టుదారంతో వల నేసి, ప్రవాహం మోసుకొచ్చే ఆహారాన్ని అందులో పట్టుకుంటాయి. పూర్తిగా ఎదిగి రెక్కలొచ్చిన పెద్ద కీటకాలు నీటిని వదిలి బయటికి వచ్చి ఒడ్డున ఎగురుతాయి. చూడటానికి చిన్న చిమ్మటల్లా ఉంటాయి.

గ్రీకులో హైడోర్ అంటే నీరు. సైకే అంటే ఆత్మ, సీతాకోకచిలుక అనే అర్థాలు కూడా దానికే ఉన్నాయి. 'నీటి సీతాకోకచిలుక' అన్నమాట. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాంస్వా జూల్ పిక్టే 1834లో హైడ్రాప్సైకే అనే ప్రజాతికి ఈ పేరు పెట్టాడు. మరుసటి ఏడాది, 1835లో, ఇంగ్లండ్‌కు చెందిన జాన్ కర్టిస్ కుటుంబానికి అదే పేరును ఖాయం చేశాడు. ఆ పోలిక పైపైది మాత్రమే కాదని తర్వాతి పరిశోధన తేల్చింది. క్యాడిస్‌ఫ్లైలకు అతి దగ్గరి చుట్టాలు నిజంగానే సీతాకోకచిలుకలు, చిమ్మటలు. ఈ రెండు క్రమాలనూ కలిపి ఆంఫిఎస్మెనాప్టెరా అనే ఒకే గుంపుగా చూస్తారు. లార్వాలు నోటి దగ్గర నుంచి పట్టు తీయడం రెండింటికీ పూర్వీకుల నుంచి వచ్చిన విద్యే.

క్యాడిస్‌ఫ్లైల వర్గీకరణలో ఈ కుటుంబం ఎక్కడ ఉంటుంది?

క్యాడిస్‌ఫ్లైల క్రమం పేరు ట్రైకోప్టెరా, అంటే రోమాల రెక్కలు కలవి. 1813లో విలియం కిర్బీ పెట్టిన పేరది. నేడు జీవించి ఉన్న జాతుల్లో 16,000కు పైగా వర్ణించబడ్డాయి. ఈ క్రమంలో అన్నులిపాల్పియా, ఇంటెగ్రిపాల్పియా అనే రెండు ప్రధాన ఉపక్రమాలు ఉన్నాయి. 1924లో రష్యాకు చెందిన ఆండ్రే మార్తినోవ్ ఈ విభజన చేశాడు. పెద్ద కీటకం నోటి దగ్గర వేలాడే స్పర్శకాల చివరి కణుపు ఉంగరాలు పేర్చినట్లు ఉంటే అది మొదటి ఉపక్రమం. ఉంగరాలు లేకుండా ఉంటే రెండోది. హైడ్రాప్సైకిడే మొదటి దానికి చెందుతుంది. ఇల్లు కట్టుకుని మోసుకు తిరిగే క్యాడిస్‌ఫ్లైలు చాలావరకు రెండో దానిలో ఉంటాయి.

జాతుల సంఖ్యలో ఈ కుటుంబానికి పైవరుసలోనే చోటు దక్కుతుంది. అంటార్కిటికాలో తప్ప అన్ని ఖండాలలోనూ ఇది ఉంది. బాల్టిక్ తీరపు శిలాజ జిగురులో చిక్కుకున్న నమూనాల వల్ల, సుమారు 4 కోట్ల ఏళ్ల కిందటే ఈ కుటుంబపు కీటకాలు ఎగురుతూ ఉండేవని తెలుస్తోంది.

రాయి తిప్పితే గోధుమరంగు పురుగు ఒకటి మెలికలు తిరుగుతోంది. అది హైడ్రాప్సైకిడే లార్వా అని ఎలా తేల్చుకోవాలి?

ముందుగా అది క్యాడిస్‌ఫ్లై లార్వానా కాదా చూడండి. ఒంటి చివర ఒక్కో కొక్కెం ఉన్న రెండు పొట్టి కాళ్ల వంటివి ఉండాలి. స్పర్శశృంగాలు కంటికి కనిపించనంత చిన్నవిగా ఉండాలి. వక్షానికి మూడు జతల కాళ్లుండాలి, రెక్కల మొగ్గలు ఉండకూడదు. రాతి ఈగ పిల్లలకు చివర రెండు పొడవాటి తోకలుంటాయి, కొక్కేలు ఉండవు. డాబ్సన్‌ఫ్లై లార్వాలకూ చివర కొక్కేలుంటాయి కానీ ఉదరానికి రెండు వైపులా వేళ్లలా పొడుచుకొచ్చిన తంతువులుంటాయి.

ఇక కుటుంబం సంగతి. నేను చూసే వరుస ఇది. మొదట వీపు వైపు. వక్షంలో మూడు ఖండితాలుంటాయి. ఆ మూడింటి పైనా గట్టి గోధుమరంగు పలకలు కప్పి ఉండాలి. చాలా కుటుంబాలలో మొదటి ఖండితానికి మాత్రమే, లేదా మొదటి రెండింటికి మాత్రమే పలకలుంటాయి. కాబట్టి ఈ ఒక్క లక్షణంతోనే సగానికి పైగా కుటుంబాలు పోటీలోంచి తప్పుకుంటాయి. తర్వాత లార్వాను వెల్లకిలా తిప్పి ఉదరం అడుగు భాగం చూడండి. కొమ్మలు వేసిన తెల్లటి మొప్పలు కుచ్చులు కుచ్చులుగా వరుసదీరి కనిపిస్తాయి. వక్షం చివరి రెండు ఖండితాల కింద కూడా అవి ఉంటాయి. ఈ రెండు లక్షణాలూ కలిస్తే కుటుంబం తేలినట్లే.

మూడో గుర్తు, చూడగానే మనసులో నిలిచేది, ఒంటి చివర ఉంటుంది. కొక్కేల పైన విసనకర్రలా విచ్చుకున్న నల్లటి రోమాల కుచ్చు కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే లార్వా శరీరాన్ని విల్లులా వంచుతుంది. నీటిలో వదిలితే ఉదరాన్ని అలలా ఊపుతూ మొప్పల మీదుగా నీటిని పారిస్తుంది. నమూనాను ఆల్కహాలులో వేసే ముందు ఒక నిమిషం పాటు దీన్ని చూడమని కొత్తవారికి తప్పకుండా చెబుతాను. సీసాలో బిగుసుకుపోయిన లార్వా ఇవేవీ చూపించలేదు.

ఒక జాగ్రత్త. లార్వా ఐదు దశల్లో పెరుగుతుంది. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలకు మొప్పలు ఉండవు, తర్వాతి దశల్లో ఒక్కొక్కటిగా వస్తాయి. గుర్తింపు పట్టికలన్నీ చివరి దశ లార్వాలను ముందు పెట్టుకుని రాసినవే. మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉన్న పిల్లలను ఆ పట్టికలతో తేల్చాలని చూస్తే దారి తప్పుతారు.

ఏ కుటుంబాలతో పొరబడే అవకాశం ఉంది?

ఎక్కువ మందిని తికమకపెట్టేవి రెండు. మొదటిది హైడ్రాప్టిలిడే. దానికి కూడా వక్షం మూడు ఖండితాలపై పలకలుంటాయి. అయితే ఆ లార్వాలు సూక్ష్మమైనవి, 5–6 మిల్లీమీటర్లు దాటవు. ఉదరం కింద కొమ్మల మొప్పలు ఉండవు. చివరి దశలో చిన్న సంచి వంటి గూడు కట్టుకుంటాయి, ఉదరం ఉబ్బి ఉంటుంది. రెండోది ఎక్నోమిడే. దానికీ మూడు పలకలున్నాయి, ఒంటి తీరు కూడా దగ్గరగా ఉంటుంది. కానీ కొమ్మల మొప్పలు లేవు. అందుకే వీపు చూసి ఆగిపోవద్దని, పొట్ట వైపు చూసి తీరాలని పట్టుబడతాను. ఈ రెండో చూపు మానేసి ఎక్నోమిడేను హైడ్రాప్సైకిడేగా రాసిన చీటీలను నేను చాలా చూశాను.

వల నేసే ఇతర కుటుంబాలైన ఫైలోపొటామిడే, పాలీసెంట్రోపొడిడే లార్వాలకు మొదటి ఖండితం మీద మాత్రమే పలక ఉంటుంది. ఫైలోపొటామిడే లార్వా తల ముందు మెత్తటి తెల్లని పైపెదవి ఇంగ్లిష్ టీ అక్షరంలా విప్పారి ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

ఈ లార్వా గూడు మోసుకు తిరగదు. అలాంటప్పుడు అది క్యాడిస్‌ఫ్లై ఎలా అవుతుంది?

గూడు మోయడం క్యాడిస్‌ఫ్లైలన్నింటి లక్షణం కాదు. ఆ మాట పాఠ్యపుస్తకాల బొమ్మల వల్ల స్థిరపడింది. హైడ్రాప్సైకిడే లార్వా ఇసుక రేణువులు, ఆకు ముక్కలు, చితుకులు పట్టుతో అతికించి రాయికి అంటిపెట్టుకున్న స్థిరమైన నివాసం కట్టుకుంటుంది. దాని ముందు వల ఉంటుంది. రాయి పైకి తీయగానే ఆ నివాసం కుప్పకూలి చెత్తలా కనిపిస్తుంది, లార్వా మాత్రం బయట పాకుతూ దొరుకుతుంది. ప్యూపా దశకు ముందు మాత్రం ఇది చిన్న రాళ్లతో గుమ్మటంలాంటి గట్టి గూడు కట్టి, రాయికి అంటించి, లోపల మూసుకుంటుంది.

వలను చూసి ఏ గుంపో చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. ఈ కుటుంబంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

లార్వా తలను 8 అంకె ఆకారంలో ఇటూ అటూ ఆడిస్తూ దీర్ఘచతురస్రాకార కన్నులున్న వలను నేస్తుంది. కన్నుల కొలత ఇష్టం వచ్చినట్లు ఉండదు. లార్వా పెరిగిన కొద్దీ కన్నులు పెద్దవవుతాయి. ఉపకుటుంబాన్ని బట్టీ మారతాయి. ఆర్క్టాప్సైకే వంటివి చల్లని, వడిగల సెలయేళ్లలో అర మిల్లీమీటరుకు దగ్గరగా ఉండే పెద్ద కన్నుల వల నేస్తాయి. వాటికి చిక్కేవి ఎక్కువగా ఇతర కీటకాలు. మాక్రోస్టెమమ్ లార్వాలు పెద్ద నదుల్లో ఉంటూ అతి సన్నని వల నేస్తాయి. ఒక్కో కన్ను వెడల్పు సుమారు 5 మైక్రోమీటర్లు, పొడవు సుమారు 40 మైక్రోమీటర్లు. అంటే మిల్లీమీటరులో 200వ వంతు వెడల్పు. నీటిలో తేలే శైవలాలు, కుళ్లిన ఆకుల నలుసులు కూడా అందులోంచి తప్పించుకోలేవు. అంత సన్నని వల జోరు ప్రవాహంలో చిరిగిపోతుంది కాబట్టి, అవి వలను బయట పెట్టకుండా నివాసం లోపలే ఒక గదిలో కడతాయి. నీరు ఒక ద్వారం గుండా వచ్చి, వలను దాటి, మరో ద్వారం గుండా పోతుంది.

హైడ్రాప్సైకే, ఈ కుటుంబంలోని మరో ప్రజాతి క్యూమటాప్సైకే వలలు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి. ఒకే రాయి మీద వేర్వేరు జాతులు పక్కపక్కనే బతకడానికి ఈ కన్నుల తేడా తోడ్పడుతుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఆహారం కంటే నీటి వేగమే ముఖ్యమన్నది మరికొందరి వాదన. నేను రెండోవైపు మొగ్గుతాను. రాయి పైభాగంలో, పక్కన, వెనుక నీటి వేగం ఎలా మారుతుందో, లార్వాలు ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో పక్కపక్కన పెట్టి చూస్తే అలాగే అనిపిస్తుంది. ఏదేమైనా వల చూసి ప్రజాతి పేరు రాయకండి. అదొక సూచన మాత్రమే. లార్వా దొరికితే దాని తల, కాళ్లు చూసి తేల్చాలి.

ఈ కుటుంబంలో ఎన్ని ఉపకుటుంబాలున్నాయి?

సాధారణంగా ఐదింటిని చెబుతారు. హైడ్రాప్సైకినే, మాక్రోనెమటినే, డిప్లెక్ట్రోనినే, స్మిక్రిడైనే, ఆర్క్టాప్సైకినే. వీటిలో స్మిక్రిడైనేను అమెరికాకు చెందిన ఆలివర్ ఫ్లింట్ 1974లో వేరు చేశాడు. దాని సభ్యులు అమెరికా ఖండాలలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. మాక్రోనెమటినే ప్రధానంగా ఉష్ణమండలానిది. ఆర్క్టాప్సైకినే ఉత్తరార్ధగోళపు చల్లని నీళ్లలోనూ, పర్వతాలలోనూ ఉంటుంది.

వివాదమంతా ఈ చివరి దాని మీదే. ఫెర్నాండ్ ష్మిడ్ 1968లో దీన్ని ఆర్క్టాప్సైకిడే అనే ప్రత్యేక కుటుంబంగా వర్ణించాడు. లార్వా తల అడుగు భాగం చూస్తే ఆయన ఎందుకు అలా అనుకున్నాడో అర్థమవుతుంది. మిగతా హైడ్రాప్సైకిడేలో తల కింద రెండు చెంపల పలకలు మధ్యలో కలుసుకుంటాయి. ఆర్క్టాప్సైకినేలో మాత్రం మధ్యలో ఒక పొడవాటి పలక ముందు నుంచి వెనుక వరకు సాగి చెంపలను పూర్తిగా విడదీస్తుంది. ఇంత స్పష్టమైన తేడా ఉన్నా, కొమ్మల మొప్పలు, మూడు వక్ష పలకలు, వల నేసే తీరు ఉమ్మడిగా ఉన్నాయి కాబట్టి ఒకే కుటుంబంలో ఉంచడమే సబబని చాలామంది భావిస్తారు. నేనూ అలాగే రాస్తాను. పాత నివేదికల్లో ఆర్క్టాప్సైకిడే అని కనిపిస్తే అవే కీటకాలని గుర్తుంచుకోండి. రెండు జాబితాలను కలిపేటప్పుడు ఒకే దాన్ని రెండు కుటుంబాలుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

లార్వాను ప్రజాతి వరకు గుర్తించడం ఎలా?

స్టీరియో మైక్రోస్కోపు, పక్కనుంచి పడే మంచి వెలుతురు, సన్నని పట్టకారు ఉంటే చాలావరకు సాధ్యమే. మూడు చోట్ల చూడాలి.

మొదటిది పైన చెప్పిన తల అడుగు భాగం. మధ్య పలక పూర్తి పొడవునా సాగితే ఆర్క్టాప్సైకినే. అందులోనూ ఆ పలక వెనక్కి పోయే కొద్దీ సన్నబడితే ఆర్క్టాప్సైకే, అంచులు సమాంతరంగా ఉండి దీర్ఘచతురస్రంలా కనిపిస్తే పారాప్సైకే.

రెండోది ముందుకాలు మొదట్లో, వక్షానికి అతుక్కుని ముందుకు పొడుచుకొచ్చే చిన్న ముల్లు వంటి భాగం. దాన్ని ట్రోకాంటిన్ అంటారు. హైడ్రాప్సైకే, క్యూమటాప్సైకేలలో అది రెండు మొనలుగా చీలి, పంగలకర్రలా ఉంటుంది. డిప్లెక్ట్రోనాలో సాధారణంగా ఒకే మొన. చెరిగిపోయిన నమూనాలో ఒక మొన విరిగి ఉండవచ్చు కాబట్టి రెండు వైపులా చూడండి.

మూడోది చాలామంది దాటవేసేది. లార్వా తలను కొంచెం వెనక్కి లాగితే, పూర్వ వక్షం కింద ఉండే పలక వెనుక ముడతలో ఒక జత చిన్న పలకలు కనిపిస్తాయి. అవి పెద్దవిగా, ముదురు రంగులో స్పష్టంగా ఉంటే హైడ్రాప్సైకే. చుక్కల్లా చిన్నవిగా ఉంటే, లేదా ఉన్నాయో లేదో అన్నట్లుంటే క్యూమటాప్సైకే. ఈ ముడత తెరవకుండా ఈ రెండు ప్రజాతులను వేరుచేసే ప్రయత్నం చేయవద్దు. తల రంగు, మచ్చలు, శరీర పరిమాణం సాయపడతాయి కానీ అవి సాక్ష్యం కావు.

మాక్రోస్టెమమ్ మాత్రం పైనుంచి చూడగానే తెలిసిపోతుంది. తల పైభాగం కత్తితో చెక్కినట్లు చదునుగా ఉండి, చుట్టూ గట్టు కట్టినట్లు అంచు ఉంటుంది. ముందుకాళ్ల మీద దట్టమైన రోమాల కుంచె ఉంటుంది. సన్నని వలలో చిక్కిన నలుసులను ఆ కుంచెతోనే ఊడ్చుకుని తింటుంది.

సెరటాప్సైకే, హైడ్రాప్సైకే, సింఫిటాప్సైకే – ఈ పేర్లలో ఏది సరైనది?

ఇది కీటకానికి సంబంధించిన గందరగోళం కాదు, మనం గీసుకున్న గీతలకు సంబంధించినది. హైడ్రాప్సైకేలోని ఒక పెద్ద గుంపును వేరు చేసి 1977లో రాస్, ఉంజికర్ అనే ఇద్దరు సెరటాప్సైకే అనే ప్రజాతిగా ప్రకటించారు. ఇంచుమించు అదే కాలంలో కొందరు అదే గుంపుకు సింఫిటాప్సైకే అనే పాత పేరును వాడారు. ఆ తర్వాత 1986లో షెఫ్టర్, విగిన్స్, ఉంజికర్ దాన్ని ప్రజాతి స్థాయి నుంచి దించి హైడ్రాప్సైకేలో ఉపప్రజాతిగా ఉంచారు. మొదట ప్రజాతిగా ప్రకటించిన వారిలో ఒకరే తర్వాత దాన్ని ఉపప్రజాతిగా మార్చిన వారిలోనూ ఉండటం నాకు గౌరవం కలిగించే విషయం. తన మాట కంటే సాక్ష్యం ముఖ్యమనుకునేవారే అలా చేయగలరు.

ఇప్పటికీ కొందరు సెరటాప్సైకేను ప్రజాతిగానే రాస్తారు. మీరు ఏ పేరు వాడినా ఒకే నివేదికలో మార్చకండి, ఏ వర్గీకరణను అనుసరించారో ఒక వాక్యంలో చెప్పండి. ఒకే సెలయేటిలోని ఒకే లార్వా మూడు దశాబ్దాల నివేదికల్లో మూడు పేర్లతో కనిపిస్తే, అక్కడి జీవవైవిధ్యం మారిందని తర్వాతి తరం పొరబడుతుంది.

పెద్ద కీటకాన్ని చూసి చిమ్మట కాదని ఎలా చెప్పాలి?

రెక్కలను వేలితో మెల్లగా తాకండి. చిమ్మట అయితే పొలుసులు పొడిలా అంటుకుంటాయి. క్యాడిస్‌ఫ్లై రెక్కల మీద ఉండేవి రోమాలు. క్యాడిస్‌ఫ్లైకి చుట్టలా చుట్టుకునే తొండం ఉండదు. వాలినప్పుడు రెక్కలను పూరిపాక కప్పులా రెండు వైపులా వాలుగా మడుస్తుంది, పొడవాటి స్పర్శశృంగాలను ముందుకు చాపి ఉంచుతుంది.

పెద్ద కీటకంలో హైడ్రాప్సైకిడే లక్షణాలేమిటి?

తలమీద సంయుక్త నేత్రాల మధ్య సాధారణంగా చాలా కీటకాలకు ఉండే మూడు చిన్న సరళ నేత్రాలు వీటికి ఉండవు. నోటి దగ్గర వేలాడే జంభికల స్పర్శకాలకు మగ, ఆడ రెండింటిలోనూ ఐదు కణుపులుంటాయి. చివరి కణుపు మిగతా వాటన్నిటికంటే పొడవుగా, ఉంగరాలు పేర్చినట్లు వంగుతూ ఉంటుంది. వక్షం మధ్య ఖండితం వీపు మీద, చాలా కుటుంబాలలో ఉండే రోమాల బుడిపెలు వీటికి కనిపించవు. ఈ మూడో లక్షణం నిర్ణాయకం. పాలీసెంట్రోపొడిడే, సైకోమైయిడే, ఎక్నోమిడేలకు కూడా సరళ నేత్రాలు లేవు, చివరి కణుపు కూడా అలాగే ఉంటుంది, కానీ వాటికి ఆ బుడిపెలుంటాయి. బుడిపెలు చూడాలంటే వీపు మీది రోమాలను సన్నని కుంచెతో తొలగించాలి. సూదికి గుచ్చి ఎండబెట్టిన నమూనాల్లో సరిగ్గా సూది దిగిన చోటే ఈ లక్షణం పోతుంది.

మాక్రోనెమటినే సభ్యులను లెప్టోసెరిడే అనే మరో క్యాడిస్‌ఫ్లై కుటుంబం అనుకోవడం మరో సాధారణ పొరపాటు. రెండింటికీ రెక్కలను మించి పొడవైన సన్నని స్పర్శశృంగాలుంటాయి. నడిమి కాలు చూడండి. లెప్టోసెరిడేకు నడిమి కాలి జంఘ మధ్యలో ముళ్లుండవు, చివర మాత్రమే ఉంటాయి. హైడ్రాప్సైకిడేకు మధ్యలో ఒక జత, చివర ఒక జత ఉంటాయి. హైడ్రాప్సైకే ప్రజాతిలో స్పర్శశృంగాల మొదటి కణుపుల మీద ఏటవాలు నల్లగీతలు చాలాసార్లు కనిపిస్తాయి. డిప్లెక్ట్రోనా మగవాటికి ఉదరం ఐదో ఖండితం నుంచి రెండు పక్కలా పొడవాటి తంతువులు వస్తాయి.

ఆడవాటి నడిమి కాళ్లు కొన్నిటిలో వెడల్పుగా, తెడ్లలా ఉంటాయి. హైడ్రాప్సైకే ఆడది గుడ్లు పెట్టడానికి నీటిలోకి దిగి, ఈదుతూ పోయి, మునిగి ఉన్న రాళ్లకు గుడ్లను పొరలా అంటిస్తుంది. ఎగిరే పురుగు మళ్లీ నీటిలోకి మునిగి తన పిల్లలకు చోటు వెతకడం చూసిన వారెవరూ ఆ దృశ్యాన్ని మరచిపోరు.

ఫోటో పంపితే జాతి పేరు ఎందుకు చెప్పరు?

ఫోటోలో జాతి కనిపించదు కాబట్టి. హైడ్రాప్సైకే, క్యూమటాప్సైకేలలో రెక్కల రంగు ఒకే జాతిలోనూ మారుతుంది, వేర్వేరు జాతుల్లోనూ ఒకేలా ఉంటుంది. జాతిని నిర్ణయించేది మగవాటి ఉదరం చివరి జననాంగ నిర్మాణం. ఉదరం చివరి భాగాన్ని వేరుచేసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోనో, లాక్టిక్ ఆమ్లంలోనో ఉంచితే మెత్తటి కండ కరిగి గట్టి నిర్మాణం మిగులుతుంది. దాన్ని గ్లిజరిన్‌లో పెట్టి పక్కనుంచి, పైనుంచి, కిందినుంచి చూడాలి. జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే పట్టుకొమ్ముల రెండో కణుపు ఆకారం, పదో ఖండితపు పైకప్పు, లింగం చివరి భాగంలోని ముళ్లు – ఈ మూడింటినీ బొమ్మలతో పోల్చాలి. ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఆడవాటిని గుర్తించడం ఇంకా కష్టం. చాలా జాతుల ఆడవాటికి సరైన వర్ణనలే లేవు. మంచి ఫోటో వస్తే కుటుంబం వరకు, కొన్నిసార్లు ప్రజాతి వరకు చెబుతాను. అంతకుమించి చెప్పేవారిని ఏ ఆధారంతో చెప్పారని అడగండి.

నా దగ్గర లార్వా ఉంది, పక్కనే పట్టిన పెద్ద కీటకం ఉంది. రెండూ ఒకే జాతి అని ఎలా నిరూపించాలి?

ఒకే చోట దొరకడం నిరూపణ కాదు. ఒకే రాయి కింద మూడు జాతుల లార్వాలు ఉండవచ్చు.

పాతదైనా నమ్మకమైన పద్ధతి ఒకటి ఉంది. లార్వా ప్యూపాగా మారేటప్పుడు తన పాత చర్మపు గట్టి పలకలను, తల కవచంతో సహా, గూటి లోపలే విడిచిపెడుతుంది. అవి గూటి వెనుక భాగంలో ముద్దగా మిగులుతాయి. ప్యూపా పూర్తిగా పక్వానికి వచ్చినప్పుడు దాని చర్మం లోపలే పెద్ద కీటకపు జననాంగాలు రూపుదిద్దుకుంటాయి. కాబట్టి సరైన సమయంలో ఒక్క గూడు తెరిస్తే లార్వా తల, పెద్ద కీటకపు జననాంగాలు రెండూ ఒకే ప్రాణి నుంచి, ఒకే చేతిలో దొరుకుతాయి. మార్జరీ మిల్న్ 1938లో దీన్ని ఒక పద్ధతిగా వివరించింది. దీనికి కావలసింది ఓపిక ఒక్కటే. నలభై గూళ్లు తెరిస్తే రెండో మూడో పక్వమైన మగ ప్యూపాలు దొరకవచ్చు. దొరికిన వాటిలో లార్వా పలకలను, ప్యూపాను ఒకే చిన్న గాజు గొట్టంలో, ఒకే చీటీతో ఉంచండి. విడదీశారంటే పడ్డ శ్రమ పోయినట్లే.

లేకపోతే లార్వాను పెంచాలి. వల నేసే కీటకం కాబట్టి దానికి కదిలే నీరు కావాలి, నిలకడ నీటిలో త్వరగా చనిపోతుంది.

డీఎన్ఏ పరీక్ష ఉండగా ఇదంతా ఎందుకు?

మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుంచి 658 అక్షరాల భాగాన్ని చదివి పోల్చే పద్ధతి ఈ కుటుంబానికి చాలా మేలు చేసింది. లార్వాలను, ఆడవాటిని పేరున్న మగవాటితో జతచేయడం దాంతో సులువైంది. ఒకే జాతి అనుకున్నవి రెండుగా తేలిన సందర్భాలూ ఉన్నాయి.

అయితే ఆ అక్షరాలు తమంతట తాము పేరు చెప్పవు. నిల్వ చేసిన సమాచారంలో ఎవరో ఒకరు జననాంగాలు చూసి సరిగా పేరు రాసిన నమూనా ఉంటేనే పోలిక పనిచేస్తుంది. అక్కడ తప్పు పేరు ఉంటే ఆ తప్పే మీ నివేదికలోకి వస్తుంది. సూక్ష్మదర్శిని పని తెలిసినవారు లేకపోతే డీఎన్ఏ పని కూడా గాలిలో నిలుస్తుంది.

నమూనాలను ఎలా భద్రపరచాలి?

లార్వాలను 80 శాతం ఇథనాల్‌లో ఉంచండి. డీఎన్ఏ తీయాలనుకుంటే 95 శాతం వాడి, మొదటి రోజు గడిచాక ద్రవం మార్చండి, ఎందుకంటే లార్వా ఒంట్లోని నీరు దాన్ని పలుచన చేస్తుంది. కొన్ని లార్వాలకు బతికి ఉన్నప్పుడు ఆకుపచ్చ రంగు ఉంటుంది, ఆల్కహాలులో అది పోతుంది, అందుకే రంగును ముందే రాసుకోవాలి. పెద్ద కీటకాలను సంధ్యవేళ నీటి పక్కన తెల్లబట్ట, అతినీలలోహిత దీపం పెట్టి పట్టవచ్చు. వాటిని కూడా ద్రవంలోనే ఉంచడం మంచిది. చీటీ మీద పెన్సిలుతో రాసి సీసా లోపల వేయండి. బయట అంటించిన చీటీ ఊడిపోతుంది.

ఈ లార్వాలు కనిపిస్తే నీరు శుభ్రమైనదని అనుకోవచ్చా?

అలా అనుకోకూడదు. మేఫ్లైలు, రాతి ఈగలు, క్యాడిస్‌ఫ్లైలు ఉంటే నీరు మంచిదన్న స్థూల సూత్రం ఈ కుటుంబం దగ్గర బలహీనపడుతుంది. సేంద్రియ కాలుష్యానికి 0 నుంచి 10 వరకు విలువలిచ్చే హిల్సెన్‌హాఫ్ కుటుంబ సూచికలో హైడ్రాప్సైకిడేకు 4 ఇచ్చారు. అక్కడ సున్నా అంటే కాలుష్యాన్ని అసలు తట్టుకోలేనిది. బ్రిటన్‌లో రూపొందిన మరో పద్ధతిలో 10కి 5 మార్కులు వేశారు. రెండూ మధ్యస్థమే. నిజానికి కుటుంబం మొత్తానికి ఒకే అంకె వేయడమే ఇబ్బంది. ఆర్క్టాప్సైకినే సభ్యులు చల్లని, శుభ్రమైన నీటిని కోరుకుంటాయి. క్యూమటాప్సైకేలోని కొన్ని జాతులు ఎరువులతో, మురుగుతో బరువెక్కిన నీటిలో గుంపులుగా పెరుగుతాయి, ఎందుకంటే అక్కడ వలకు చిక్కే నలుసులు ఎక్కువ. అందుకే నీటి పరీక్షలో ఈ కుటుంబాన్ని ప్రజాతి వరకు తీసుకెళ్లడానికి పట్టే అదనపు గంట వృథా కాదు.

మొప్పలను కూడా పరిశీలించండి. లోహాలతో కలుషితమైన నీటిలో పెరిగిన హైడ్రాప్సైకే లార్వాల మొప్పలు నల్లబడి, కుంచించుకుపోయి కనిపిస్తాయి. జాతి పేరు తెలియకపోయినా ఆ సాక్ష్యం విలువైనదే.

ఈ లార్వాలు శబ్దం చేస్తాయంటారు, నిజమేనా?

నిజమే. తల అడుగున సన్నని గాడుల వరుసలుంటాయి. ముందుకాలి తొడను వాటి మీద రాకి శబ్దం పుట్టిస్తుంది. తన వలను ఆక్రమించడానికి వచ్చిన మరో లార్వాను తరమడానికి అలా చేస్తుంది. మైక్రోస్కోపులో తల కింద ఆ గాడులు కనిపిస్తాయి. అదో చక్కని గుర్తింపు లక్షణం కూడా.

నివేదికలో ఏ స్థాయి వరకు పేరు రాయాలి?

చూసిన లక్షణం ఎక్కడ ఆగితే అక్కడ. చిన్న లార్వా అయితే హైడ్రాప్సైకిడే అని రాసి ఆపండి. ముడతలోని పలకలు చూసి, అవి చుక్కల్లా చిన్నవని తేలితే క్యూమటాప్సైకే అనండి. పక్వమైన మగది దొరికి జననాంగాలు పోల్చి చూస్తే జాతి పేరు రాయండి. పక్కన ఏ దశ, ఏ లింగం, ఎవరు గుర్తించారు, ఏ తేదీ అన్నవి ఉండాలి.

పేరు తేలని నమూనాలను పారేయవచ్చా?

పారేయకండి. జర్మనీలోని రైన్ నది ఒడ్డున 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో పట్టిన కొన్ని హైడ్రాప్సైకే కీటకాలు సంగ్రహాలలో ఉండిపోయాయి. చాలా కాలం తర్వాత ఆస్ట్రియాకు చెందిన హాన్స్ మాలికీ వాటి జననాంగాలు పరిశీలించి, అది వేరే జాతి అని తేల్చి హైడ్రాప్సైకే టోబియాసి అని పేరు పెట్టాడు. అప్పటికి రైన్‌లో అది కనిపించడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు దాన్ని అంతరించిన జాతిగా లెక్కిస్తున్నారు. అది ఒకప్పుడు ఉండేదని మనకు చెబుతున్నవి చీటీలతో సహా భద్రంగా ఉన్న ఆ కొన్ని నమూనాలే.